ఏ కరువులో పుట్టినావు?



మొన్న సంక్రాంతికి మా మనవరాలు బెంగళూరు నుంచి పలమనేరు వచ్చింది. అక్కడ ఇంజనీరింగు చదువుతోంది. కనుమ నాడు ఇంటిల్లిపాదీ వసారాలో కూర్చుని, రాత్రి నానబెట్టిన అనపగింజలు పితుకుతున్నాం. మా వైపు జనవరి నెలంటే పితికిపప్పు నెల. గింజను వేళ్ళ మధ్య పెట్టి నొక్కితే తోలు ఒకపక్క, పప్పు ఒకపక్క పడాలి. మా మనవరాలు నొక్కితే పప్పు ఎగిరి వాకిట్లో పడుతోంది. "పోనీలే పాపా, ఇది నీ తరం కాదు," అన్నాను.

ఆ పిల్ల ఊరుకునే రకం కాదు. "తరం అంటే గుర్తొచ్చింది తాతా. నువ్వు బూమర్‌వి. నాయన మిలీనియల్. నేను జెన్ జీ," అంటూ సెల్‌ఫోనులో ఒక పట్టిక తీసి చూపించింది. 1946 నుంచి 1964 దాకా పుట్టినవాళ్ళు బూమర్లు. 1965 నుంచి 1980 దాకా జనరేషన్ ఎక్స్. 1981 నుంచి 1996 దాకా మిలీనియల్స్. 1997 నుంచి 2012 దాకా జెడ్. ఆ పైన ఆల్ఫా. 2025 నుంచి పుట్టే పసివాళ్ళకు కూడా అప్పుడే పేరు సిద్ధంగా ఉంది, బీటా అట. నా కొడుకు పుట్టింది 1981 ఫిబ్రవరిలో. రెండు నెలల ముందు పుట్టి ఉంటే వాడు వేరే తరంలో పడేవాడు.

ఆ పట్టిక చూస్తుంటే నాకు ఒక అవ్వ గుర్తొచ్చింది. ఆమె సంగతి మనవరాలికి చెప్పినాను. మీకూ చెబుతాను.

నా కొడుకు పుట్టిన ఆ నెలలోనే, 1981 ఫిబ్రవరిలో, జనాభా లెక్కలు జరిగినాయి. నేను బడిపంతులుని కాబట్టి నాకూ డ్యూటీ వేసినారు. పలమనేరు పక్కన ఒక పల్లె. రాగికల్లం పక్కన ఒక ముసలమ్మ కూర్చుని చేట చెరుగుతోంది. పేరు రాసుకున్నాను. "అవ్వా, నీకు వయసెంత?" అని అడిగినాను. ఆమె చేట ఆపకుండానే చెప్పింది. "నాకేం తెలుసు నాయనా. మాయమ్మ ధాతకరువులో పుట్టిందంట. నేను ఆమెకు కడగొట్టు బిడ్డని. నువ్వు సదువుకున్నోడివి గదా, లెక్క నువ్వే ఏసుకో."

నేను వేళ్ళు మడిచి లెక్క వేస్తున్నాను. ఆమె తలెత్తి నన్నే అడిగింది. "నువ్వు ఏ కరువులో పుట్టినావు?"

ఎన్నేళ్ళు అని అడగలేదు చూడండి. ఏ కరువు అని అడిగింది. "గంజికరువు పోయిన మూడో ఏడు అని మాయమ్మ చెప్తుంది," అన్నాను. "అయితే చిన్నోడివే," అని మళ్ళీ చేట అందుకుంది. నా కాగితంలో ఆమె వయసు గడిలో 70 అని రాసినాను.

ఇది నా ఒక్కడి తప్పు కాదు. మన దేశపు పాత జనాభా లెక్కల్లో 60, 65, 70 ఏళ్ళవాళ్ళు గుంపులు గుంపులుగా కనిపిస్తారు, 61, 67 ఏళ్ళవాళ్ళు తక్కువగా కనిపిస్తారు. వయసు తెలియని మనిషిని తెలియని పంతులు అడిగితే వచ్చేవి సున్నాలూ అయిదులే. అందుకే లెక్కలు రాసేవాళ్ళకు ఇచ్చే సూచనల్లోనే ఒక ఉపాయం చెబుతారు: వయసు తెలియకపోతే ఆ ప్రాంతంలో అందరికీ తెలిసిన వరదో, కరువో, యుద్ధమో పట్టుకుని, అప్పటికి నువ్వు ఎంతున్నావు అని అడగమంటారు. అంటే ఆ అవ్వ చెప్పిన పద్ధతే ప్రభుత్వం వారి పద్ధతి కూడా.

ధాతకరువు అంటే ఏమిటో నేటి పిల్లలకు చెప్పాలి. మన పంచాంగంలో ప్రభవ మొదలు అక్షయ దాకా అరవై సంవత్సరాలకు అరవై పేర్లు. అందులో పదోది ధాత. 1876 ఉగాదితో మొదలైన ధాతలో వానలు పూర్తిగా తప్పినాయి. ఆ కరువు 1878 దాకా మద్రాసు రాజధానినీ, మైసూరునూ, బొంబాయి దక్కనునూ, హైదరాబాదునూ తిన్నది. అర కోటికి మించి జనం పోయినారని చరిత్రకారుల అంచనా. సహాయపు పనుల్లో మట్టి మోసే కూలివాడికి రోజుకు ఒక పౌను ధాన్యం, ఆ పైన ఒక అణా చాలునని రిచర్డ్ టెంపుల్ అనే దొర లెక్క కట్టినాడు. పౌను అంటే అరకేజీకి తక్కువ. పనిచేసే మనిషికి అది చాలదని మద్రాసు శానిటరీ కమిషనరు కార్నిష్ పోరాడినాడు. అప్పటికి మా పలమనేరు చిత్తూరు జిల్లా కూడా కాదు. చిత్తూరు జిల్లా ఏర్పడింది 1911 ఏప్రిల్ 1న. అంతకుముందు మేం ఉత్తర ఆర్కాడు జిల్లా వాళ్ళం.

ధాత అంటే బ్రహ్మ, సృష్టి చేసేవాడు. ఆ పేరు గల ఏటిని మా వాళ్ళు చావుకు గుర్తుగా పెట్టుకున్నారు. నందన సంగతి కూడా అంతే. నందనం అంటే ఇంద్రుడి తోట. 1832లో వచ్చిన నందనలో గుంటూరు సీమ ఎండిపోయింది. దానికి నందన కరువు అనే పేరే నిలిచింది. సరిగ్గా నూట ఇరవై ఏళ్ళకు, 1952లో నందన మళ్ళీ వచ్చేసరికి రాయలసీమలో గంజికేంద్రాలు నడుస్తున్నాయి. ఆ కరువును మాత్రం ఎవరూ నందన అనలేదు. పంచాంగం పేరు పక్కకుపోయి చట్టిలో పడింది పేరైంది. గంజికరువు.

మా అమ్మకు అప్పటికి పద్దెనిమిదేళ్ళు. మట్టిచట్టి పట్టుకుని వరసలో నిలబడిన దినాలు చెప్పేది. గంజి ఎంత పలచన అంటే అందులో మొహం కనపడేదట. మా అమ్మ ఎప్పుడూ "నేను గంజికరువు తరం" అనుకోలేదు. ఆమె ఆ వరసలో నిలబడింది, అంతే. ఆమెకు ఆ పేరు పెట్టింది మేం. కడుపునిండా తిన్న బిడ్డలం వెనక్కి తిరిగి చూసి, "మాయమ్మ గంజికరువు మనిషి" అన్నాం. తరాల పేర్లలో నాకు తెలిసిన మొదటి న్యాయం ఇది. తరం తనకు తాను పేరు పెట్టుకోదు. తర్వాత వచ్చినవాళ్ళు పెడతారు.

ఇప్పుడు మా మనవరాలి ఫోనులోని పట్టికను ఈ కొలతతో కొలవండి.

ఈ పేర్ల వరసకు మొదలు ఫ్రాన్స్‌లో ఒక కార్ల షెడ్డు. మొదటి ప్రపంచ యుద్ధం అయిపోయింది. పని సరిగా చేయని కుర్ర మెకానిక్కును షెడ్డు యజమాని తిట్టినాడు, మీరంతా చెడిపోయిన తరం అని. ఆ తిట్టును గెర్‌ట్రూడ్ స్టెయిన్ అనే రచయిత్రి విని హెమింగ్వేతో అన్నది. ఆయన 1926లో వచ్చిన తన నవల మొదట్లో దాన్ని అచ్చువేసినాడు. ఒక మెకానిక్కుకు తగలాల్సిన తిట్టు ఒక తరానికంతా పేరైంది. 1951లో టైమ్ పత్రిక అమెరికా కుర్రాళ్ళకు మౌన తరం అని పేరు పెట్టింది. 1991లో డగ్లస్ కూప్లాండ్ అనే కెనడా రచయిత నవల జనరేషన్ ఎక్స్ అన్న పేరును ఇంటింటికీ తీసుకుపోయింది. అదే ఏడు విలియం స్ట్రాస్, నీల్ హోవ్ అనే ఇద్దరు అమెరికన్లు రాసిన పుస్తకంలో మిలీనియల్ అనే మాట వచ్చింది. ఎక్స్ తర్వాత వై, అంటే ఆ మిలీనియల్సే, వై తర్వాత జెడ్. అక్కడితో ఇంగ్లీషు అక్షరాలు అయిపోయినాయి. మార్క్ మెక్‌క్రిండిల్ అనే ఆస్ట్రేలియా పరిశోధకుడు గ్రీకు అక్షరాలు అందుకున్నాడు. అదే ఆల్ఫా, ఇప్పుడు బీటా. ఊయలలో ఉన్న బిడ్డ ఇంకా ఏమీ అనుభవించలేదు, ఏ కరువూ చూడలేదు, ఏ యుద్ధమూ వినలేదు. పేరు మాత్రం వచ్చేసింది. ఎవరికి ఏ సరుకు అమ్మాలో తేల్చుకునే వ్యాపారులకు ఇలాంటి పట్టిక కావాలి. వాళ్ళకు బిడ్డ ఏం చూస్తుందో తెలియనక్కరలేదు, ఏ ఏడు పుట్టిందో తెలిస్తే చాలు.

బూమర్ అన్న పేరుకు మాత్రం నిజమైన కారణం ఉంది. రెండో ప్రపంచ యుద్ధం నుంచి సైనికులు ఇళ్ళకు తిరిగొచ్చినారు. పెళ్ళిళ్ళు, కొత్త ఇళ్ళు, పిల్లలు. 1946 నుంచి 1964 దాకా అమెరికాలో దాదాపు 7 కోట్ల 60 లక్షల మంది పుట్టినారు. పుట్టుకలు ఉన్నట్టుండి ఎగసినాయి. అందుకే ఆ పేరు. మరి మన దగ్గర? మన దగ్గర పుట్టుకలు ఎప్పుడూ తక్కువ లేవు. మా అవ్వకు తొమ్మిది కాన్పులు, మిగిలింది నలుగురు. 1951 నాటికి మన దేశంలో సగటు ఆయుర్దాయం దాదాపు 32 ఏళ్ళు. ఆ తర్వాత మనకు పెరిగింది పుట్టుకలు కాదు, బతుకులు. మలేరియా మందు చల్లినారు, అమ్మవారికి సూది వేసినారు. పుట్టిన బిడ్డ నిలబడడం మొదలైంది. అమెరికాలో మా వయసువాళ్ళు ఎక్కువగా పుట్టిన తరం. మేం ఇక్కడ చావు తప్పిన తరం. మా దండచేతి మీద పెద్ద గుండ్రటి సూదిమచ్చలు చూడండి. 1970లు గడిచేసరికి మశూచి పోయింది, సూదీ ఆగిపోయింది. ఆ మచ్చ నా చేతి మీద ఉంది, నా కొడుకు చేతి మీద లేదు. మా ఇద్దరి మధ్య తరం గీత ఎక్కడుందని అడిగితే నేను పట్టిక తీయను, చొక్కా చెయ్యి మడుస్తాను.

1928లో కార్ల్ మన్‌హైమ్ అనే పండితుడు జర్మన్ భాషలో తరాల మీద ఒక పెద్ద వ్యాసం రాసినాడు. ఒకే కాలంలో పుట్టినంత మాత్రాన ఒక తరం కాదు, పడుచుతనంలో ఒకే సంఘటన గుండా కలిసి నడిస్తే తరం అవుతుందన్నాడు. ఆ సంఘటనకు ఒక్కొక్కరు ఒక్కోలా స్పందిస్తారు కాబట్టి ఒకే తరంలో కూడా వేర్వేరు జట్లుంటాయన్నాడు. ఆ చివరి మాట మాకు బాగా తెలుసు. గంజికేంద్రంలో చట్టి పట్టుకున్నవాడూ, గరిట పట్టుకున్నవాడూ ఒకే ఏడు పుట్టి ఉండవచ్చు. కరువు ఇద్దరిదీ ఒకటే. తరం ఒకటే అనడానికి నాకు నోరు రాదు. నాతోపాటు పుట్టిన వాళ్ళలో సగం మంది నాతోపాటు బడికి రాలేదు. వాళ్ళు గొర్ల వెంట పోయినారు.

బడి అంటే మరో సంగతి. నా సర్టిఫికెట్టులో పుట్టిన తేదీ 1955 జూలై 1. నేను పుట్టింది వేరుశెనక్కాయలు పెరికే దినాల్లో అని మా అమ్మ చెప్పేది, అంటే కార్తీకం దగ్గర. బడిలో చేర్చేనాడు అయ్యవారు నా కుడిచేతిని నడినెత్తి మీదుగా పోనిచ్చి ఎడమచెవి అందుతుందా లేదా చూసినాడు. అందింది. అయిదేళ్ళు నిండినాయని తేల్చి, జూలై 1 అని రాసుకున్నాడు. మా ఈడు వాళ్ళలో జూలై 1న పుట్టినవాళ్ళంతా కలిస్తే ఒక ఊరు కట్టుకోవచ్చు. జనన మరణాల నమోదు చట్టం 1969లో వచ్చింది. నిజంగా పుట్టిన తేదీ గలవాళ్ళు ఆ తర్వాతివాళ్ళు. చెవి అందిన తరం మాది.

పంతులుగా ముప్పై అయిదేళ్ళు హాజరుపట్టీ పిలిచినాను. తరాలు మారడం నేను చూసింది అందులోనే. మొదట్లో మునిరత్నం, మునెమ్మ, మునిస్వామి, మునికృష్ణ. మా జిల్లా అంతటా ఆ ముని మునీశ్వరుడి పేరు. ఆ తర్వాత గంగమ్మ, గంగులప్ప, గంగాధరం. మొగిలి కనుమ కింద ఉన్న మొగిలీశ్వరుడి పేరుతో మొగిలప్ప. ఒక తరగతిలో ముగ్గురు మునిరత్నాలుంటే పెద్ద, నడిపి, చిన్న అని పిలిచేవాణ్ణి. ముందు పుట్టిన బిడ్డలు పోయి నిలిచిన బిడ్డకు తిరిపెమ్మ అనో పుల్లయ్య అనో పెట్టేవాళ్ళు, చావు కన్ను పడకుండా. చావు తప్పడం మామూలయ్యాక అలాంటి పేర్లు పట్టీలో ఆగిపోయినాయి. 1986లో విజయచందర్ సాయిబాబాగా వేసిన సినిమా వచ్చింది. ఆ తర్వాత అయిదారేళ్ళకు ఒకటో తరగతి పట్టీ తెరిస్తే సాయికుమార్, సాయికిరణ్, సాయిలక్ష్మి. నేను రిటైరయ్యే నాటికి పలకడానికి నాకే నోరు తిరగని పేర్లు వచ్చినాయి. మునిరత్నం మనవడు మాత్రం ఒక్కోసారి ముందు ఏదో కొత్త పేరు తగిలించుకుని, చివర మునిరత్నం అనే వచ్చేవాడు. తాత పేరు మనవడికి పెట్టడం మా దగ్గర వదల్లేదు. ఒక తరం దాటించి పేరును తిరిగి ఇంటికి తెచ్చుకోవడం అది.

మా పలమనేరులో తరాలను కొలవడానికి ఇంకో కొలత ఉంది, నీళ్ళ లోతు. మా తాత కపిల తోలినాడు. ముప్పై నలభై అడుగుల బావి, తోలు బాన, మోకు మీద కూర్చుని ఎద్దుల్ని వాలుకు తోలుతూ పాట అందుకుంటే నీళ్ళు కాలవలో పడేవి. మా నాయన కాలానికి ఆయిల్ ఇంజను, ఆ వెంటే కరెంటు మోటారు. నా ఈడువాళ్ళు బావి అడుగున బోరు వేసినారు. 2004లో వ్యవసాయానికి ఉచిత కరెంటు వచ్చింది. నా కొడుకు ఈడువాళ్ళు టమాటా తోటల కోసం వెయ్యి అడుగులు దాటించినారు. బోరు లారీ వచ్చి, దుమ్ము లేచి, నీళ్ళు పడక, అప్పు మాత్రం పడిన ఇళ్ళు ఎన్నో. కపిల తరం, మోటారు తరం, బోరు తరం అని ఎవరూ పట్టిక వేయలేదు. పొలం గట్టున ఇద్దరు రైతులు మాట్లాడుకుంటే చాలు, ఎవరు ఏ తరమో తెలిసిపోతుంది. 2025 ఆగస్టులో హంద్రీ-నీవా కాలవలో కృష్ణానీళ్ళు కుప్పం దాకా వచ్చినాయి. ఇప్పుడు పుట్టే బిడ్డలు కాలవ తరం అవుతారా అన్నది ఆ నీళ్ళు ఏటా వస్తాయా లేదా అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఆ పేరు ఇప్పుడే పెట్టకూడదు.

కౌండిన్య అడవి పక్క పల్లెల్లో మరో గీత ఉంది. అక్కడ తరాలు రెండే, ఏనుగులు రాకముందు పుట్టినవాళ్ళు, వచ్చినాక పుట్టినవాళ్ళు. మా తాతలు ఏనుగును గుడి దగ్గరా, సర్కసులోనూ చూసినారు. 1980ల్లో పక్క రాష్ట్రాల అడవుల నుంచి గుంపులు ఇటు వచ్చి నిలిచినాయి. 1990లో కౌండిన్య అభయారణ్యం ప్రకటించినారు. ఆ తర్వాత పుట్టిన బిడ్డకు రాత్రి పూట చెరకు తోటలో చప్పుడు అంటే ఏనుగే. వాళ్ళ నాయనకు డప్పు కొట్టడం అంటే జాతర. ఆ బిడ్డకు డప్పు కొట్టడం అంటే ఏనుగును తోలడం.

ఇక రేడియో మాట ఎత్తకుండా రేడియోలో మాట్లాడితే బాగుండదు. 1938లో మద్రాసు కేంద్రం మొదలైంది. న్యాయపతి రాఘవరావు గారూ, కామేశ్వరి గారూ పిల్లలకోసం నడిపిన బాలానందంతో తెలుగుదేశంలో వేలమంది పిల్లలకు ఒకే అన్నయ్య, ఒకే అక్కయ్య అయినారు. పోస్టాఫీసులో రేడియో లైసెన్సు కట్టిన ఇల్లు వీధికి ఒకటి ఉండేది. వీధంతా ఆ అరుగు మీదే. మా పిల్లల కాలానికి 1987లో టీవీలో రామాయణం వచ్చింది, అరుగు నుంచి నడవలోకి జరిగినాం. మా మనవరాలి కాలానికి ఎవరి చెవిలో వాళ్ళ పాట. ఒకే ఇంట్లో ఉన్నా ఒకే పాట వినని మొదటి తరం వాళ్ళది. ఇది తప్పని అనను. వాళ్ళను ముడివేసే సంఘటన వేరే దారిలో వచ్చింది.

ఆ సంఘటన కరోనా. 2020లోనూ, 2021లోనూ ఆంధ్రప్రదేశ్‌లో పదో తరగతి పరీక్షలు రద్దు చేసి అందరినీ పాస్ చేసినారు. మా మనవరాలు 2021 పదో తరగతి పిల్ల. ఫోనులో జెన్ జీ అని చూసుకుంటుంది గానీ, పలమనేరు బజారులో ఆమెకున్న పేరు కరోనా బ్యాచ్. ఇంటర్వ్యూకు పోయిన ఆ ఈడు పిల్లల్ని ఎదుటివాడు ముందు అడిగేది, "ఓహో, కరోనా బ్యాచ్చా?" అనే. ఈ మాట చెప్పేటప్పుడు మా పిల్ల నవ్వలేదు. "పరీక్ష రాయనన్నది మేమా తాతా?" అంది. ఆ మాటకు నేను బదులు చెప్పలేకపోయినాను. ధాతకరువులో పుట్టిన బిడ్డా కరువును పిలవలేదు. మీద పడ్డ కష్టాన్ని పేరుగా మోయడం మన దగ్గర తరాల రాత. ఆ పేరును ఎగతాళిగా వాడతామా, గౌరవంగా వాడతామా అన్నది మాత్రం పిలిచేవాళ్ళ చేతిలో ఉంది. మా అమ్మను గంజికరువు మనిషి అన్నప్పుడు మా గొంతులో ఎగతాళి లేదు.

తనకు తాను పేరు పెట్టుకున్న తరం ఒక్కటీ లేదా అంటే ఉంది. 1965లో హైదరాబాదులో ఆరుగురు యువకవులు తమకు తాము దిగంబర కవులని పేరు పెట్టుకున్నారు. తల్లిదండ్రులు పెట్టిన పేర్లు వదిలేసి నగ్నముని, నిఖిలేశ్వర్, జ్వాలాముఖి, చెరబండరాజు, భైరవయ్య, మహాస్వప్న అయినారు. తమ మొదటి సంపుటిని పాండు అనే రిక్షా కార్మికుడి చేత ఆవిష్కరింపజేసినారు. పాత పంచాంగం కూడా వద్దని తమ శకానికి నగ్నశకం అని పేరు పెట్టుకున్నారు. వాళ్ళు పెట్టుకున్న పేర్లు నిలిచినాయి. వాళ్ళ పంచాంగం నిలవలేదు.

అదే 1965 మన పాత పంచాంగంలో విశ్వావసు. మా చెల్లెలు ఆ ఏడు పుట్టింది. బడిలో అమెరికా పాలపొడి తాగి, మొక్కజొన్న ఉప్మా తిని పెరిగిన పిల్ల. 2025 నవంబరులో ఆమెకు మనవడు పుట్టినాడు. ఆ ఏడూ విశ్వావసే, అరవై ఏళ్ళకు తిరిగొచ్చింది. మా మనవరాలి పట్టికలో మా చెల్లెలు జనరేషన్ ఎక్స్, ఆ పసివాడు జనరేషన్ బీటా. మధ్యలో మూడు గళ్ళు. మన పంచాంగంలో ఇద్దరిదీ ఒకే పేరు. అవ్వను మనవడి నుంచి విడదీసే పట్టిక అది. ఇద్దరినీ ఒక పేరు కింద కూర్చోబెట్టే చక్రం ఇది.

పండగకు పెద్దలకు బట్టలు పెట్టేటప్పుడు కూడా నేను ఇదే గమనిస్తాను. తర్పణాలు వదిలేవాళ్ళు తండ్రిని వసువని, తాతను రుద్రుడని, ముత్తాతను ఆదిత్యుడని తలుస్తారు. అవి ఎవరికీ అంటిపెట్టుకున్న పేర్లు కావు. ఇవాళ నా తండ్రి వసువు. నేను పోయి నా కొడుకు నీళ్ళు వదిలేనాడు నేను వసువును, నా తండ్రి రుద్రుడు. మన తరం పేరు జరుగుతూ పోతుంది. నాయన తాత అవుతాడు, తాత ముత్తాత అవుతాడు. నేను బూమర్‌నని పట్టిక చెబితే చచ్చేదాకా, చచ్చినాక కూడా బూమర్‌నే.

ఇదంతా విని మా మనవరాలు ఒక మాట అడిగింది. "అయితే తాతా, నేను ఏ తరం?" నేను చెప్పలేదు. చెప్పడం నా తరం కాదు. ఆమె మనవలు చెబుతారు. అన్నట్టు, అప్పటికి ఆమె చేతిలో పప్పు సరిగ్గా పడుతోంది.

శ్రోతలారా, 2027 జనాభా లెక్కలు దగ్గరికొస్తున్నాయి. మీ ఇంటికి వచ్చే అయ్యవారు వయసు అడుగుతారు, మీరు ఆధార్ కార్డులో ఉన్న తేదీ చెబుతారు, ఆయన నమోదు చేసుకుని పోతారు. అంతకుముందే ఒక సాయంత్రం మీ ఇంట్లో అందరికన్నా పెద్దవాళ్ళ పక్కన కూర్చోండి. పుట్టిన తేదీ అడగవద్దు, అది ఎట్లాగూ జూలై 1 అయి ఉంటుంది. ఏ కరువులో పుట్టినావు, ఏ బావి నీళ్ళు తాగినావు, నీకు ఎవరి పేరు పెట్టినారు అని అడగండి. చెప్పింది చెప్పినట్టు ఒక నోటుపుస్తకంలో రాయండి, పక్కన ఆ ఏటి పేరు రాయండి. గంజికరువును కళ్ళారా చూసి గుర్తు పెట్టుకున్న బిడ్డలకు ఇప్పుడు ఎనభై దగ్గర పడుతోంది. విశ్వావసు మళ్ళీ వచ్చేది 2085లో. మా చెల్లెలి మనవడికి అప్పటికి అరవై నిండుతుంది. అవ్వ పుట్టిన ఏడు ఎట్లా ఉండేదో చదువుకోవడానికి ఆ నోటుపుస్తకం ఇంట్లో ఉండాలి.